ఒక్క పేరు పట్టే గడి

తొమ్మిదికి వస్తానన్నాడు తనిఖీ ఆయన. ఇప్పుడు ఎనిమిది దాటి నాలుగు నిమిషాలు, అంటే ఇంకా గంట, గంటసేపు ఏం చేస్తావే ఆర్డిస్, కూర్చో, నోరు మూసుకుని కూర్చో, పదకొండేళ్ళుగా చేస్తున్నది అదేగా. కూర్చున్నాను, విమానంలోనే కూర్చున్నాను, షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి, బయట కోసేసిన మొక్కజొన్న చేను మీద మంచు ఇంకా కరగలేదు, ఊపిరి వదిలితే తెల్లగా కనపడుతోంది, అయినా కోటు వేసుకోబుద్ధి కాలేదు, కోపం వచ్చినప్పుడు నాకు చలి తెలియదు. రెక్కల అడుగున చెయ్యి పట్టేంత గుండ్రటి కిటికీలుంటాయి, వాటి మూతలన్నీ తీసి బల్ల మీద పెట్టాను, ఇంజన్ మీది రేకు తీసేశాను, సీటు కింది పలక కూడా తీసేశాను, వచ్చినాయన ఎక్కడ కావాలంటే అక్కడ తల దూర్చి చూసుకోవచ్చు. ఆ మూతల పక్కనే ఉంది ఆ తనిఖీ దరఖాస్తు కాగితం. నిన్న సాయంత్రం మా ఆయన లైల్ నింపి పెట్టాడు, విత్తనాల ఆర్డర్లు రాసుకునే ఆ లావుపాటి అక్షరాలతోనే, 'కట్టినవారు' అన్న గడిలో తన పేరు, గడి నిండా. పొద్దున కాఫీ పట్టుకుని వచ్చి లైటు వేసేదాకా నాకు తెలియదు.

ఒక విమానం, ఒక పేరు. ప్రభుత్వం పెట్టిన నియమం అది, నేను పెట్టింది కాదు. ఇంట్లో కట్టుకున్న విమానాన్ని ఏడాదికోసారి నట్టు నట్టూ చూసి, ఇది ఎగరొచ్చు అని సంతకం పెట్టే హక్కు కట్టినవాళ్ళకి ఇస్తారు, అదీ ఒక్కరికే, మొగుడూ పెళ్ళాం చెరి సగం అంటే కుదరదు. "నీ పేరు రాశావేంటి?" అన్నాను ఇందాక టిఫిన్ దగ్గర. "మరెవరిది రాయాలి? ఊరంతా లైల్ విమానం అనేగా అంటోంది," అన్నాడు గుడ్డు మీద మిరియాల పొడి చల్లుకుంటూ, అమాయకంగా, నిజంగానే అమాయకంగా, అదే నాకు మండేది, దొంగబుద్ధి ఉన్న మనిషయితే ఈపాటికి గిన్నెలు ఎగిరేవి. "కాగితమే కదే ఆర్డిస్. నడిపేది ఎలాగూ నువ్వే. ఏడాదికోసారి సంతకం పెట్టమంటే పెట్టనా ఏంటి? నేనెక్కడికి పోతాను?" ఎక్కడికీ పోడు. ప్రతి అక్టోబరులోనూ నేను చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళి, సోఫాలో ఫుట్‌బాల్ చూస్తున్న మనిషి ముందు నిలబడి, నేను అతికిన గొట్టాలకీ, నేను అంటించిన రెక్కల దూలాలకీ, నేను కుట్టిన గుడ్డకీ ఒక్క సంతకం పెట్టవా అని అడగాలి, అతను ఉండు, ఈ ఆట కానీ అనాలి, నేను ఉండాలి. ఉండను. ఆ మాట టిఫిన్ దగ్గరే అని ఉండాల్సింది. అనకుండా ప్లేట్లు సింకులో పడేసి ఇటు వచ్చేశాను.

మొదలుపెట్టింది లైలే, కాదనను. పదకొండేళ్ళ కిందట ఒక వేసవిలో ఓష్‌కోష్ విమానాల జాతరకి వెళ్ళి నక్షల చుట్ట ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు, వంటింటి బల్ల మీద పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా ఉప్పు డబ్బా, సిరప్ సీసా, రెండు చెప్పులూ పెట్టి, ఇదిగోనే మన విమానం అన్నాడు. మన అన్నాడు, నాకు బాగా గుర్తు. రెండు చలికాలాలు పనిచేశాడు, తోక కట్టాడు, బాగానే కట్టాడు, చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అది ఎలా కట్టాడో చెప్పాడు, చెప్పడం లైల్‌కి పుట్టుకతో వచ్చిన విద్య, పదిహేను జిల్లాల రైతులకి విత్తనాలు అమ్మిన నోరు అది. తర్వాత బౌలింగ్ జట్టులో చేరాడు, ఆ తర్వాత మంచు మీద తోలే బండి కొన్నాడు, తోక గోడకి వేలాడుతూ ఉండిపోయింది. నేలమాళిగలో బల్ల మీద ఒక పక్కటెముక సగం అంటించి వదిలేశాడు. మనిషికి ఉన్నట్టే రెక్కకీ పక్కటెముకలుంటాయి, చిటికెన వేలంత పుల్లలు అచ్చులో పెట్టి ఒక్కొక్కటే అంటించుకోవాలి. బీట్‌రూట్ ఊరగాయ కోసం మెట్లు దిగినప్పుడల్లా అది నా కంటపడేది, సగం తిని లేచిపోయిన కంచంలా. ముప్ఫై ఏళ్ళు చీజ్ ఫ్యాక్టరీలో చేసినదాన్ని, పాలు తోడేశాక మధ్యలో వదిలేసి ఇంటికి పోతానంటే ఎవరూరుకుంటారు, సగం పని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఒకరోజు ఊరగాయ సీసా మెట్టు మీద పెట్టి ఆ రెండో సగం అంటించేశాను. ఎందుకు చేశావంటే చెప్పలేను. మర్నాడు ఇంకొకటి. భోజనంలోకి బీట్‌రూట్ ఏదే అన్నాడు లైల్, మర్చిపోయానన్నాను. ఏప్రిల్ నాటికి ఇరవై ఎనిమిదీ అయ్యాయి. అతను కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "పని బాగా సాగుతోంది," అన్నాడు. సాగుతోందట. దానంతటదే సాగుతోంది కాబోలు.

వెల్డింగు నేర్చుకోవాలని పట్నంలో సాయంత్రం తరగతికి వెళితే, మొదటిరోజు ఆ మాస్టారు నన్ను గుమ్మంలోనే ఆపి "కుట్టుపని తరగతి పక్క గదిలో మేడమ్" అన్నాడు, నాకు యాభై ఒకటి అప్పుడు, మిగతా కుర్రాళ్ళందరికీ కలిపి గడ్డం ఒక్కటే. వెళ్ళి వెనక కూర్చున్నాను. ఆఖరి వారం ఆయన అందరి అతుకులూ రంపంతో కోసి లోపల చూపించాడు, గాలి బుడగలున్నవి, సగమే కరిగినవి, నాది కోశాక చూసి జేబులో వేసుకున్నాడు, తర్వాతి తరగతివాళ్ళకి చూపించుకోవడానికట. అది మాత్రం లైల్‌కి చెప్పాను, లైల్ ఊరందరికీ చెప్పాడు, కాకపోతే చెప్పగా చెప్పగా ఆ కథలో ఆ అతుకు ఎవరిదన్నది ఎక్కడో జారిపోయింది. అబద్ధమాడతాడని కాదు. చెప్పేవాడే కథలో ఉన్నట్టు వినేవాళ్ళకి అనిపిస్తుంది, చెప్పేవాడికీ కొన్నాళ్ళకి అలాగే అనిపిస్తుంది. నేను చెప్పుకోలేదు. ఎవరు చెప్పుకోవద్దన్నారు నన్ను? ఎవరూ అనలేదు. మా ఇళ్ళల్లో అలా చెప్పుకుంటే గొప్పలు పోతోందంటారు, మా అమ్మ అయితే గొప్పలు పోయే మనిషి ఇంటికి రొట్టె కూడా పంపేది కాదు.

ఇక ఆ ఫొటోల ఆల్బమ్ ఒకటి. మా చుట్టుపక్కల విమానాలు కట్టేవాళ్ళకి ఓ సంఘం ఉంది, నెలకో శనివారం పాన్‌కేకులు తింటూ రివెట్ల గురించీ జిగురు గురించీ కొట్టుకుంటారు, అందులో పెద్దాయన బర్నెల్ మొట్టమొదట చెప్పింది ఒకటే, ప్రతి పనికీ ఫొటో తీసి ఉంచండి, రేపు తనిఖీకి వచ్చినవాడికి మీరే కట్టారనడానికి రుజువు అదొక్కటే. తీశాను. పదమూడు వందల ఫొటోలు, ప్రతి అతుకూ, ప్రతి బోల్టూ, పక్కన స్కేలు పెట్టి మరీ. చేతి తొడుగు తియ్యడం, ఫొటో తియ్యడం, తొడుగు వేసుకోవడం. పనిని తీశాను. చేసేదాన్ని ఎవరు తీస్తారు, కెమెరా నా చేతిలోనే ఉంటే? ఎవరైనా చుట్టపుచూపుగా వస్తే మాత్రం లైల్ పానా అందుకుని పక్కన నిలబడేవాడు, వాళ్ళు నవ్వమనేవాళ్ళు, అతను నవ్వేవాడు, చక్కటి నవ్వు, ఆ నవ్వు చూసే చేసుకున్నాను. అలా ఆల్బమ్‌లో మనిషంటూ కనపడితే అది లైలే. రెక్క భుజాన పెట్టుకున్న లైల్, ఇంజన్ మీద చెయ్యేసిన లైల్, నేను అప్పుడే ఆర్పి పెట్టిన వెల్డింగు టార్చి పట్టుకున్న లైల్. నేను ఒక్క ఫొటోలో ఉన్నాను, అది కూడా కేకు ముక్కల పళ్ళెం పట్టుకున్న మోచెయ్యి దాకా. ఇంకాసేపట్లో తనిఖీ ఆయన ఆ ఆల్బమ్ తిరగేస్తాడు, గడిలో పేరు చూస్తాడు, రెండూ సరిపోతాయి, పుస్తకం మూసేస్తాడు. నేనప్పుడు అడ్డం వచ్చి, అయ్యా అది నేను కట్టాను అంటే, ఏదమ్మా రుజువు అంటాడు. మోచెయ్యి చూపించాలా?

బర్నెల్ చెడ్డవాడని కాదు. గుడ్డ కప్పకముందు వచ్చి, రెండు కళ్ళద్దాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఒక పూటంతా గొట్టాల అతుకులన్నీ చూసి, "ఏరా లైల్, నీ వెల్డింగు నా వెల్డింగు కంటే బాగుందిరా," అన్నాడు. లైల్ థాంక్స్ అన్నాడు. థాంక్స్! అక్కడికి మూడడుగుల దూరంలో దీపం పట్టుకుని నిలబడ్డాను నేను. ఆ దీపం ఆర్పేసి పోయి ఉండాల్సింది. తర్వాతి శనివారం పాన్‌కేకుల దగ్గర, "మీ ఆవిడ విమానానికి లంగా కుడుతోందటగా," అన్నాడు బర్నెల్, బల్ల బల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను. అదీ నా తప్పు. ఇన్నేళ్ళలో లైల్ చేసినదాని కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ చెడుపు చేసింది. నవ్వితే ఒప్పుకున్నట్టే. ఇవాళ మాత్రం ఎవరు జోకు వేసినా నవ్వేది లేదు.

కుట్టుపని అని తేలిగ్గా అనేస్తారు. రెక్క అస్థిపంజరానికి గుడ్డ కప్పి, రెక్కని అంచు మీద నిలబెట్టి, మూరెడు సూదితో ఆ గుడ్డని ప్రతి పక్కటెముకకీ కట్టెయ్యాలి, రెండున్నర అంగుళాలకో ముడి, లేకపోతే గాల్లో గుడ్డ ఉబ్బి లేచిపోతుంది, లోపలి మనిషితో సహా. దానికి ఇద్దరు కావాలి. ఇటు ఒకరు, అటు ఒకరు, ఇటువాళ్ళు పొడిస్తే అటువాళ్ళు అందుకుని పక్కటెముక అవతల నుంచి వెనక్కి పొడవాలి, మధ్యలో రెక్క, ఒకరి మొహం ఒకరికి కనపడదు. లైల్ వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు, స్టూలు వేసుకుని అవతల కూర్చున్నాడు, సూది వస్తోంది, పోతోంది, గుడ్డ వెనక నుంచి అతని గొంతు, ఏవో విత్తనాల కబుర్లు, వాళ్ళ నాన్న గాదెలో పడ్డ కథ, నేను పాతికసార్లు విన్నదే, మళ్ళీ నవ్వాను, అది వేరే నవ్వు. ఒకసారి నా వేలికి సూది గుచ్చుకుంటే అవతల నుంచే అయ్యో అన్నాడు, ఎలా తెలిసిందో. మూడు సాయంత్రాలు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో మంచి రోజులు లెక్కపెట్టమంటే ఆ మూడూ ముందు చెబుతాను, ఈ కోపంలో కూడా చెబుతాను. నాలుగో సాయంత్రం బౌలింగ్ పోటీ. ఐదో రోజు నడుం నొప్పి. ఆరో రోజు నేను అడగలేదు.

ఒక్కదాన్నే కుట్టాను. ఇటు నుంచి సూది పొడిచి, లేచి, రెక్క చివర దాకా నడిచి, చుట్టూ తిరిగి అటు వెళ్ళి, సూది లాగి, మళ్ళీ లోపలికి పొడిచి, లేచి, చుట్టూ తిరిగి ఇటొచ్చి, లాగి, ముడి. ఒక్క ముడికి ఆ చుట్టు. ఇరవై రెండు పక్కటెముకలు మిగిలాయి, ఒక్కోదానికి ఇరవై ముడులు. మోకాళ్ళు వాచాయి, ఫ్యాక్టరీలో అమ్మాయిలు ఏమ్మా ఆర్డిస్, మారథాన్‌కి తయారవుతున్నావా అన్నారు, అవునన్నాను. అటు వెళ్ళిన ప్రతిసారీ ఆ ఖాళీ స్టూలు అడ్డం వచ్చేది, తీసి పక్కన పెట్టొచ్చు, పెట్టలేదు, చుట్టూ తిరిగే వెళ్ళాను, ఎందుకంటే ఏం చెప్పను, మొదటివారం అతను వస్తాడేమోనని, తర్వాత మొండితనంతో. ఆ మొండితనమే ఈ విమానం. గుడ్డా పూతా కర్రా అంతా తర్వాత. అటు నేనే, ఇటు నేనే, మరి గడిలో మాత్రం అతనెందుకు?

ఎనిమిది నలభై. లైల్ స్నానం చేస్తూ పాడుతున్నాడు, ఇక్కడిదాకా వినపడుతోంది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నీదేంటి నాదేంటి అంటుంది మా వదిన, చర్చి వంటింట్లో కప్పులు కడుగుతూ, అందరూ అవునవునంటారు. సరే, మనది. మనది అయితే నా పేరు రాస్తే ఏం పోయింది? మన అన్న మాట ఎప్పుడూ వాళ్ళ వైపే ఎందుకు వాలుతుంది? పెడళ్ళు నా కాళ్ళకి అమర్చుకున్నాను, నేను ఐదడుగుల రెండంగుళాలు, లైల్ కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, ఒకసారి ఎక్కి చూసి, కొంచెం ఇరుకుగా వచ్చిందే అన్నాడు. ఇరుకు కాదు నాయనా, కొలత అది. పైలట్ లైసెన్సుకి పోయినప్పుడూ ఇంతే, విమానంలోంచి పొలాలకి మందు కొట్టే ఆయన నేర్పాడు, ఈ వయసులో ఎందుకమ్మా అన్నాడు, ఏ వయసులో అయితే బాగుంటుందో చెప్పండి, అప్పుడొస్తాను అన్నాను. ఆ మాట అతనితో అనగలిగినదాన్ని లైల్‌తో ఎందుకు అనలేకపోయాను? పరాయివాళ్ళ దగ్గర నాకు నోరుంది. ఇంట్లోవాడి దగ్గర మాట గొంతు దాకా వచ్చి, అక్కడ నిలబడి, పోనీలే అనుకుని వెనక్కి దిగిపోతుంది. పదకొండేళ్ళ పోనీలేలు. ఇంకొక్కటి పట్టదు, చోటు లేదు.

కంకర మీద కారు చప్పుడు. తనిఖీ ఆయన పావుగంట ముందే వచ్చాడు. కెస్లర్, పొట్టి మనిషి, ప్యాంటు మోకాళ్ళకి మెత్తలు కట్టుకుని, టార్చిలైటు, పుల్లకి కట్టిన అద్దం. లైల్ తడి తలతోనే డోనట్ల పెట్టె పట్టుకుని పరుగున వచ్చాడు, రండి రండి అన్నాడు, ఆల్బమ్ ముందుకు తోశాడు. తర్వాత చూస్తానన్నాడు కెస్లర్, డోనట్ కూడా తర్వాతే అన్నాడు. ముక్కు నుంచి తోక దాకా చూశాడు, పడుకుని చూశాడు, మోకాళ్ళ మీద చూశాడు, ఆయన చూస్తున్నంతసేపూ లైల్ చెబుతూనే ఉన్నాడు, ఆయన వింటున్నాడో లేదో తెలియలేదు. చివరికి చేతులు తుడుచుకుని, బల్ల మీది కాగితం తీసి, గడిలో పేరు చదివాడు.

"లైల్ గారూ, ఇందులో మీరు అన్నిటికంటే ఘోరంగా చెడగొట్టిన పని ఏది? ముందు అది చూపించండి."

"చెడగొట్టడమా, భలేవారే," అన్నాడు లైల్. "అంతా నక్ష ప్రకారమే అండీ. ఎక్కడా వంక పెట్టలేరు."

"ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. అలాంటి విమానం నాకింకా తగల్లేదు," అన్నాడు కెస్లర్, నవ్వకుండా.

అప్పుడు గుర్తొచ్చిందంటే అబద్ధం. గుర్తుంది. పొద్దున్నుంచీ ఇన్ని తలుచుకున్నది ఆ ఒక్కటీ తలుచుకోకుండా ఉండటానికే. చెబితే ఈ విమానం ఈ షెడ్డులోనే ఆగిపోవచ్చు, కుట్టిన గుడ్డంతా చీల్చి చూపించమనొచ్చు. చెప్పకపోతే ఎగురుతుంది, లైల్ పేరు మీద, ప్రతి అక్టోబరూ. గొంతు దాకా వచ్చింది. నిలబడింది.

"నేను చూపిస్తాను," అన్నాను. "ఎడమ రెక్క. వెనక దూలం. ఆసరా కడ్డీ బిగించేచోట."

కెస్లర్ పడుకుని రెక్క అడుగు కిటికీలోంచి అద్దం దూర్చాడు. ఇక్కడ ప్లైవుడ్ పలకలున్నాయి, నక్షలోనివే కదా అన్నాడు. కాదన్నాను. దాని కింద ఒక కన్నం ఉంది, ఉండకూడని చోట, నేనే వేశాను. రెండు పెన్సిలు గీతలుంటే తప్పు గీత మీద డ్రిల్లు పెట్టాను, షిఫ్టు దిగి వచ్చి ఉన్నాను, ఆరోజు ఆ పని ముట్టుకోకుండా ఉండాల్సింది. ఆ నక్ష గీసిన పెద్దాయనకి ఫోన్ చేశాను, ఆయన చెప్పినట్టే గట్టి కర్రతో పూడ్చి, రెండువైపులా పలకలేశాను. ఏ జిగురన్నాడు, చెప్పాను. ఎన్నాళ్ళు బిగించి ఉంచారన్నాడు, రెండు రోజులు, నేలమాళిగ చల్లగా ఉందని పక్కన హీటరు పెట్టి. పూడ్చిన కన్నం అంచుకీ బోల్టుకీ మధ్య ఎంతన్నాడు, అంగుళం పావు, అద్దంలోంచి కనపడదు, ఆరోజు కొలిచింది చెబుతున్నాను. ఆయన వేలి కణుపుతో చాలాసేపు తట్టి చూశాడు.

"దీనికి ఫొటో ఉందా?"

"లేదు. సిగ్గేసింది."

కెస్లర్ లేచి కూర్చున్నాడు. "మీకు తెలుసా ఇది?" అని లైల్‌ని అడిగాడు.

"లేదు," అన్నాడు లైల్. డోనట్ల పెట్టె ఇంకా చేతుల్లోనే ఉంది.

"రిపేరు గట్టిగానే ఉంది. రాసి పెడతాను," అన్నాడు కెస్లర్, మోకాళ్ళు దులుపుకుంటూ. "కానీ ఒకటి. ఈ గడిలో పేరున్న మనిషే రేపు గాల్లో ఏదైనా అయితే ఆ కన్నానికి కూడా జవాబు చెప్పుకోవాలి. మరి ఆ కన్నం ఎవరిది?"

లైల్ వైపు చూశాను. తొందరపెట్టలేదు, కావలసినంతసేపు ఆగాను, అతను నాది అంటే ఏం చేసేదాన్నో నాకిప్పటికీ తెలియదు. అతను రెక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, తర్వాత నేల చూశాడు. పదకొండేళ్ళుగా విమానం నాదన్న మనిషికి కన్నం నాదనడానికి నోరు రాలేదు.

"నాది," అన్నాను.

కెస్లర్ సంచిలోంచి అలాంటిదే ఖాళీ దరఖాస్తు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. పెన్ను లైల్ చొక్కా జేబులో ఉంది. అడక్కుండా తీసుకున్నాను.